జైల్లో కలవొచ్చు, బయట మాట్లాడుకోకూడదు: స్టాన్ స్వామి కేసు అడుగుతున్న ప్రశ్న

భీమా కోరేగావ్ కేసులో అరెస్టయిన 16 మందిలో వయసులో పెద్దవారు ఫాదర్ స్టాన్ స్వామి. 2020 అక్టోబర్ 8న రాంచీ శివార్లలోని బగైచా నుంచి ఎన్‌ఐఏ ఆయన్ను తీసుకెళ్లే నాటికి 83 ఏళ్లు. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికేవి. 2021 జూలై 5న, కేసులో సాక్షుల విచారణ మొదలుకాక ముందే, ముంబైలోని ఆసుపత్రిలో కన్నుమూశారు. నీళ్లు తాగే సిప్పర్ కోసం ఆయన కోర్టుకెక్కాల్సి వచ్చిన సంగతి అందరికీ తెలుసు. మేం ఇక్కడ చర్చకు పెడుతున్నది ఇంకో సంగతి. ఈ కేసులో ఆయన చేసిన పనుల కంటే ఆయనకు తెలిసిన మనుషులే పెద్ద నేరంగా నిలబడ్డారు.

తమిళనాడులో పుట్టిన ఈ జెస్యూట్ గురువు 1975 నుంచి 1986 దాకా బెంగళూరులోని ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూట్‌కు డైరెక్టర్‌గా ఉన్నారు. మిగిలిన జీవితమంతా జార్ఖండ్ ఆదివాసుల మధ్యే గడిపారు. అయిదో షెడ్యూలు, 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఎందుకు అమలు కావని అడుగుతూ వచ్చారు. 1997 సమతా తీర్పు మీద ప్రభుత్వాల మౌనాన్నీ నిలదీశారు. సమతా కేసు మన విశాఖ మన్యంలో పుట్టిందే. ఇక్కడి ఆదివాసుల కోసం గెలిచిన తీర్పును అక్కడ అమలు చేయమని ఆయన అడిగారు.

భూమి గురించి నోరెత్తిన కుర్రాళ్లను మావోయిస్టులంటూ జైళ్లలో పెడుతుంటే ఆయన వాళ్ల కేసుల వివరాలు సేకరించారు. సుమారు 3,000 మంది విచారణ ఖైదీల తరఫున జార్ఖండ్ హైకోర్టుకు వెళ్లారు. ఈ పనిలో ఆయనకు తోడు న్యాయవాది సుధా భరద్వాజ్. ఇద్దరూ కలిసి ఖైదీల కోసం పర్సిక్యూటెడ్ ప్రిజనర్స్ సాలిడారిటీ కమిటీ పెట్టారు. ఎన్‌ఐఏ దాన్నే మావోయిస్టుల అనుబంధ సంస్థ అంది.

2021 మార్చి 22న ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు ఆయన బెయిల్ తోసిపుచ్చింది. ఆయనకూ సహ నిందితులకూ మధ్య నడిచినవని చెప్పిన సుమారు 140 ఈమెయిళ్లను, అందులో ఒకరినొకరు కామ్రేడ్ అని పిలుచుకోవడాన్ని, ఒకరి నుంచి డబ్బు అందిందన్న ఆరోపణను ఆ ఉత్తర్వు లెక్కలోకి తీసుకుంది. ఉపా చట్టం 43డి(5) ప్రకారం ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, బెయిల్ రాదు. ఆ సాక్ష్యం అసలైనదా అని తేలాలంటే విచారణ దాకా ఆగాలి. 84 ఏళ్ల మనిషికి అంత గడువు లేదు. ఆయన చనిపోయాక, 2022 డిసెంబర్‌లో, అమెరికాకు చెందిన ఆర్సెనల్ కన్సల్టింగ్ సంస్థ ఆ కంప్యూటర్‌ను పరిశీలించి, హ్యాకర్లు అందులో 40కి పైగా ఫైళ్లు చొప్పించారని నివేదిక ఇచ్చింది. దర్యాప్తు సంస్థ దీన్ని ఒప్పుకోలేదు.

ఇది దళితుల ప్రశ్న ఎలా అయిందో కూడా చెప్పుకోవాలి. 1818 జనవరి 1న పేష్వా సైన్యంతో తలపడిన మహర్ సైనికుల జ్ఞాపకం కోసం దళితులు ఏటా భీమా కోరేగావ్ స్తూపం దగ్గర చేరతారు. 2018లో, ఆ పోరాటానికి 200 ఏళ్లు నిండిన రోజున, అక్కడికి వచ్చినవాళ్ల మీద దాడి జరిగింది. ముందు రోజు పుణెలో జరిగిన ఎల్గార్ పరిషత్‌ను నిర్వహించింది తామేనని రిటైర్డ్ న్యాయమూర్తులు పి.బి. సావంత్, బి.జి. కోల్సే పాటిల్ బహిరంగంగా చెప్పారు. అయినా దాని వెనక మావోయిస్టులున్నారన్న కథే కేసుగా మారింది. ఈ కథ లోపల ఒక అవమానం ఉంది: దళితులు తమంతట తాము కూడలేరు, ఎవరో కూడగట్టాలి. తానెప్పుడూ భీమా కోరేగావ్ వెళ్లనే లేదని స్టాన్ స్వామి చెప్పినా ఆ కథలో ఆయనకూ ఒక పాత్ర ఇచ్చారు. 2020 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, ఆనంద్ తేల్‌తుంబ్డే లొంగిపోవాల్సి వచ్చింది కూడా ఇదే కేసులో.

ఇక తలోజా జైలు. అక్కడి నుంచి స్టాన్ స్వామి తోటి జెస్యూట్లకు ఉత్తరాలు రాశారు. వరవరరావు, వెర్నన్ గొన్సాల్వెస్, అరుణ్ ఫెరీరా వేరే సెల్‌లో ఉన్నారని, పగలు తాళాలు తీసినప్పుడు కలుస్తుంటామని చెప్పారు. పొద్దుటి టిఫిన్, మధ్యాహ్నం భోజనం తినడానికి అరుణ్ సాయం చేసేవారు. స్నానానికి వెర్నన్ తోడుండేవారు. తన సెల్‌లోని ఇద్దరు ఖైదీలు రాత్రి అన్నం దగ్గర సాయపడి, బట్టలు ఉతికి, మోకాళ్లకు మర్దన చేసేవారు. వాళ్లు చాలా పేద కుటుంబాల నుంచి వచ్చినవాళ్లని కూడా ఆయన రాశారు. రాజ్యం కుట్ర అని పేరు పెట్టిన బంధం జైల్లో ఒక ముసలాయనకు అన్నం పెట్టింది, స్నానం చేయించింది. అన్నేళ్లు కలిసి పనిచేసిన సుధా భరద్వాజ్ మాత్రం బైకుల్లా మహిళా జైల్లో ఉన్నారు.

ఇక్కడే మేం గమనించమంటున్న వైపరీత్యం ఉంది. 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు వరవరరావుకు ఆరోగ్య కారణాలతో బెయిల్ ఇచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో సుధా భరద్వాజ్ విడుదలయ్యారు. ఇద్దరికీ పెట్టిన షరతుల్లో ఒకటి, సహ నిందితులతో సంబంధాలు పెట్టుకోకూడదని. అంటే ఒకే కేసు వాళ్లు జైలు వరండాలో పలకరించుకోవచ్చు, బయటికి వస్తే బాగున్నారా అని ఫోన్ చేయకూడదు. సాక్షులను ప్రభావితం చేయకుండా ఈ జాగ్రత్త అంటారు. సాక్షుల జోలికి వెళ్లొద్దనడం సబబే. కానీ సహ నిందితులు వాయిదా వాయిదాకీ ఒకే కోర్టు హాల్లో కలుస్తారు. వాళ్లు మాట్లాడుకుంటే దర్యాప్తుకు వచ్చే నష్టమేమిటో ఎవరు చెప్పాలి? వరవరరావుకైతే అనుమతి లేకుండా గ్రేటర్ ముంబై దాటకూడదన్న షరతు కూడా ఉంది. ఆయన ఇల్లు, మిత్రులు హైదరాబాద్‌లో.

ఈ పద్ధతి ముంబైకే పరిమితం కాదు. ములుగు జిల్లా తాడ్వాయిలో 2022 ఆగస్టులో నమోదైన ఉపా కేసులో 152 మంది పేర్లున్నాయని మరుసటి ఏడాది బయటపడింది. వారిలో ప్రొఫెసర్ హరగోపాల్ ఉన్నారు, సుధా భరద్వాజ్ ఉన్నారు, 2020లోనే చనిపోయిన జస్టిస్ హెచ్. సురేశ్ కూడా ఉన్నారు. దొరికిన కాగితాల్లో పేరుంటే చాలు, మనిషి బతికున్నాడో లేదో చూడక్కర్లేదు! నిరసన వచ్చాక హరగోపాల్ మీద కేసు ఎత్తేయమని నాటి ముఖ్యమంత్రి ఆదేశించారు.

పార్లమెంటులో ప్రభుత్వం చెప్పిన లెక్క ప్రకారం 2016 నుంచి 2020 దాకా ఉపా కింద అరెస్టయినవారు 24,134 మంది. అదే కాలంలో శిక్ష పడింది 212 మందికి. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. వాళ్లలో దళితుల, ఆదివాసుల వాటా జనాభాలో వాళ్ల వాటా కంటే ఎక్కువ. జార్ఖండ్‌లో స్టాన్ స్వామి వివరాలు రాసుకున్నది ఇలాంటివాళ్ల గురించే.

అందుకే ఆయన వర్ధంతికి దండ వేసి ఊరుకుంటే సరిపోదు. సహ నిందితులతో మాట్లాడొద్దన్న షరతు పెట్టే ప్రతిసారీ కోర్టు దానికి కారణం రాయాలని మనం అడగాలి. సాక్ష్యం అసలుదో కాదో తేలకుండా మనిషిని ఏళ్ల తరబడి లోపల ఉంచే 43డి(5)ను సవాలు చేయాలి. చనిపోయే ముందు స్టాన్ స్వామి ఆ పనే చేశారు, ఆ సెక్షన్ చెల్లదంటూ బాంబే హైకోర్టుకు వెళ్లారు. మన ఊళ్లలో భూమి కోసమో, శ్మశానం దారి కోసమో దళితులు కమిటీ వేసుకుంటే మొదట పోలీసులు రాసుకునేది సభ్యుల పేర్లే. ఆ జాబితా రేపు ఏ కేసులో సాక్ష్యమవుతుందో తెలియదు. అయినా కమిటీలు వేసుకోవాల్సిందే, జైల్లో ఉన్నవాళ్లను చూడడానికి వెళ్లాల్సిందే.