మన పిల్లలకు ఒక పెళ్ళి పుస్తకం

ఊళ్ళో పెళ్ళి కుదిరిందని ఫోనొస్తే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లోని తెలుగు ఇళ్ళల్లో ముందు క్యాలెండర్ తీస్తారు. మాఘం, ఫాల్గుణం ముహూర్తాలైతే పిల్లలకు పరీక్షలు. వైశాఖమైతే కొత్త క్లాసు మొదలై ఎన్నో రోజులు కాదు. ఇక్కడి ఇండియన్ స్కూళ్ళకు పెద్ద సెలవులు వచ్చేది జులై, ఆగస్టుల్లో. అందులో చాలా రోజుల్ని మామూలుగా ఆషాఢమే మింగేస్తుంది. శ్రావణంలో మంచి ముహూర్తం దొరికినా అప్పటికి టిక్కెట్ల ధర చుక్కలు చూపిస్తుంది. ఇక నాన్న సెలవంటారా, ఖతర్ చట్టం ప్రకారం అయిదేళ్ళ సర్వీసు నిండనివారికి ఏడాదికి మూడు వారాలు, నిండినవారికి నాలుగు వారాలు. అదీ పని వీలు చూసి యజమాని ఇచ్చినప్పుడే.

అందుకే మన పిల్లలు మేనత్త పెళ్ళినీ, బాబాయి పెళ్ళినీ ఫోన్లో చూస్తూ పెరుగుతున్నారు. ఎప్పుడో ఒక పెళ్ళికి వీలు కుదిరి వెళితే అక్కడ వాళ్ళే కొత్తవాళ్ళు. బాజాలు మోగితే చెవులు మూసుకుంటారు. "నేనెవరో చెప్పు చూద్దాం" అని ఓ పెద్దావిడ బుగ్గ గిల్లితే అమ్మ కొంగు వెనక దాక్కుంటారు. "గల్ఫ్ పిల్లలు, ఎవరితోనూ కలవరు" అని పేరు పడిపోతుంది. అందులో పిల్లల తప్పేముంది? ఎవరు ఏమవుతారో, అందరి ముందూ అమ్మమ్మ ఎందుకు ఏడుస్తోందో వాళ్ళకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు.

దీనికి మేము చెప్పదలచుకున్నది చిన్న ఉపాయమే. చుట్టాల పెళ్ళికి వెళ్ళడం గురించి పిల్లలకు తెలుగులో బొమ్మల పుస్తకాలు కావాలి. ప్రచురణకర్తలు వెయ్యాలి. వాళ్ళు వేసేదాకా మనమే ఇంట్లో చేసుకోవాలి.

మేము సైటు మనుషులం. కొత్తగా దిగిన మనిషికి హెల్మెట్ ఇచ్చి నేరుగా పైఅంతస్తుకు పంపం. ముందు ఇండక్షన్ ఇస్తాం. నేపాలీ, బెంగాలీ, తమిళం, తెలుగు, ఇన్ని భాషలవాళ్ళు ఒక్కచోట ఉంటారు కాబట్టి బోర్డుల మీద అక్షరాల కంటే బొమ్మలే ఎక్కువ. ఎక్కడ నిలబడాలి, ఎక్కడికి పోకూడదు అన్నది బొమ్మ చూస్తే తెలిసిపోతుంది. ఇంగ్లీషు, అరబిక్ రాసే మన పిల్లల్లో చాలామందికి తెలుగు అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. వాళ్ళకు బొమ్మ చెప్పాలి, కింద ఉన్న ఒక్క వాక్యం అమ్మో నాన్నో చదవాలి. మరి పెళ్ళి వీడియో ఉందిగా అంటారేమో. వీడియో గంటల తరబడి పెద్దవాళ్ళనే చూపిస్తుంది, ఎవరికోసమూ ఆగదు. పుస్తకమైతే పిల్లవాడు వేలు పెట్టి "ఈయనెవరు?" అని అడిగినచోట ఆగుతుంది.

బొమ్మల్లో పెళ్ళి చెప్పడం మనకు కొత్తేమీ కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు కల్యాణ మండపం కట్టడం మధ్యలోనే ఆగిపోయింది. అయినా శివపార్వతుల పెళ్ళికి వచ్చిన దేవతలు, ఋషులు ఈనాటికీ ఆ స్తంభాల మీద నిలబడి ఉన్నారు. మన అమ్మలు, అమ్మమ్మలు చిన్నప్పుడు బొమ్మల పెళ్ళి చేసేవారు. ఆడపెళ్ళివారు, మగపెళ్ళివారు అని రెండు జట్లు కట్టి, బెల్లం ముక్కతో విందు పెట్టి, పెళ్ళి తంతు మొత్తం ఆటలోనే నేర్చేసుకునేవారు. 1947 జులైలో మొదలైన చందమామ చదివి పెరిగినవాళ్ళం మనలో ఎందరో. కానీ ఆ జానపద కథల్లో పెళ్ళంటే చివర్లో వచ్చే ఒక్క మాట. రాజకుమారితో వివాహం జరిగింది, కథ అయిపోయింది. ఆ పెళ్ళికి ఊరి నుంచి బస్సులో వచ్చిన ఎనిమిదేళ్ళ పిల్ల ఎక్కడ కూచుందో, ఎవరి పక్కన భోంచేసిందో కథలో ఉండదు.

బయటి దేశాలవాళ్ళు ఆ పిల్ల కథే రాశారు. అమెరికాలో కారెన్ ఇంగ్లిష్ రాసిన 'నాడియాస్ హ్యాండ్స్' 1999లో వచ్చింది. అందులో పాకిస్తానీ కుటుంబానికి చెందిన ఓ పాప ఆంటీ పెళ్ళికి చేతులకు మెహందీ పెట్టించుకుంటుంది. ఈ చేతులతో సోమవారం స్కూలుకెళితే అందరూ ఏమంటారో అని ఆమె బెంగ. ఆ బెంగ మన ఇంటి పిల్లలది కూడా కదా? అదే ఏడాది దక్షిణాఫ్రికాకు చెందిన నికీ డాలీ వేసిన 'జమేలాస్ డ్రెస్' వచ్చింది. పెళ్ళికి వేసుకోవాలని అమ్మ కొన్న కొత్త బట్టను జమేలా ఒంటికి చుట్టుకుని వీధులన్నీ తిరిగి పాడుచేస్తుంది. రెండింటిలోనూ కథ పెళ్ళికెళ్ళే పిల్లలదే.

మన పుస్తకంలో ఇంకొక పని కూడా జరగాలి. ఇంగ్లీషు పుస్తకంలో ఆంటీ అనే ఒక్క మాటలో అత్త, పిన్ని, పెద్దమ్మ అందరూ ఇమిడిపోతారు. మన పెళ్ళిలో అలా కుదరదు, ఎవరి పని వాళ్ళకుంటుంది. పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చేది మేనమామ. హోమం దగ్గర ఆమె దోసిట్లో పేలాలు పోసేది అన్నో తమ్ముడో. పేర్లు చెప్పందే గడప దాటనివ్వనిది ఆడపడుచు. ఒక పేజీకి ఒక మనిషి, ఒక పని చాలు. తెలంగాణ ఇంటి పుస్తకంలో ఎదుర్కోళ్ళు, మైలపోలు, ఒడిబియ్యం ఉంటాయి. కోస్తా ఇంటి పుస్తకంలో స్నాతకం, నలుగు, అప్పగింతలు ఉంటాయి. ముస్లిం ఇంటిలో నిఖా, వలీమా, క్రైస్తవుల ఇంటిలో చర్చి. చిన్నమ్మ అనేవాళ్ళు చిన్నమ్మ అనే రాసుకోవాలి, పిన్ని అనేవాళ్ళు పిన్ని అని.

ఇక ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపుల్లో ఒంటరిగా ఉండే మన అన్నదమ్ముల సంగతి. వీళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు, పెళ్ళిళ్ళన్నిటికీ వెళుతున్నారు, నాన్న లేకుండా. చెల్లెలి పెళ్ళి కోసమే విమానం ఎక్కినవాళ్ళు మనలో ఎంతమందో. మండపం అద్దె, భోజనాల ఖర్చు, తాళిబొట్టు అన్నీ ఇక్కడి చెమటతోనే అమరాయి. ఆల్బం తిరగేస్తే మాత్రం ఆ మనిషి ఎక్కడా కనిపించడు. మేము అడిగే పెళ్ళి పుస్తకంలో అతనికి ఒక పేజీ ఉండాలి. మండపం బొమ్మ ఎదుటి పేజీలో రాత్రి షిఫ్టు ముగించి మంచం మీద కూర్చుని ఫోన్లో తలంబ్రాలు చూస్తున్న నాన్న బొమ్మ వెయ్యాలి. కింద 'ఈ పెళ్ళి చేసింది మా నాన్న' అని రాయాలి. ఆ పేజీ చదివిన పిల్లవాడికి నాన్న పెళ్ళికి రానివాడుగా గుర్తుండడు.

బొమ్మ చూపిస్తే పెళ్ళికి వెళ్ళినట్టా అని కొందరు అడగొచ్చు. కాదు. వెళ్ళగలిగినవాళ్ళు తప్పక వెళ్ళాలి, పరీక్ష ఒకటి పోయినా సరే. పుస్తకం వెళ్ళే రోజుకు సిద్ధం చేస్తుంది, వెళ్ళలేని ఏడాది వరసలు మరిచిపోకుండా చూస్తుంది. ఒక్క జాగ్రత్త. ఎన్ని తులాలు పెట్టారు, స్టేజీ ఎంత పెద్దది వేశారు అన్నవి ఈ పుస్తకంలోకి రానివ్వొద్దు. ఆ లెక్కలు తీర్చడానికే సగంమందిమి ఇక్కడున్నాం.

పని కూడా పెద్దది కాదు. పన్నెండు పేజీలు చాలు. ఊరి నుంచి వచ్చిన ఫోటోల్లోంచి పన్నెండు ఎంచుకుని, వాటిని చూసి పిల్లలతోనే బొమ్మలు వేయించండి. ఒక్కో దాని కింద ఒక్కో వాక్యం రాయండి. టైపింగ్ సెంటర్‌లో కలర్ ప్రింటు, స్పైరల్ బైండింగు చేసిస్తారు. బొమ్మలు వెయ్యడం రానివారికి ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ ఉంది. అక్కడి బొమ్మలు తీసుకుని తెలుగులో సొంత కథ ఉచితంగా తయారుచేసుకోవచ్చు. మంచి బొమ్మల పుస్తకం ఎలా ఉంటుందో చూడాలంటే అల్ మతార్ అల్ ఖదీమ్ స్టేషన్‌లో రెడ్ లైన్ ఎక్కి, ముషైరిబ్‌లో గ్రీన్ లైన్‌కు మారి, ఖతర్ నేషనల్ లైబ్రరీ దగ్గర దిగండి. పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది.

మన సంఘాలకు ఒక మనవి. ఉగాదికీ, బతుకమ్మకూ పిల్లలకు ఆటపాటల పోటీలు పెడుతూనే ఉన్నారు. ఈసారి 'మా ఇంటి పెళ్ళి' అని ఒక బొమ్మల పుస్తకాల పోటీ పెట్టండి. క్యాంపుల్లో ఉన్నవారి పిల్లలు ఊరి నుంచి పంపేవి కూడా తీసుకోండి. మంచి పుస్తకం, తూలిక వంటి ప్రచురణ సంస్థలకు వాటిలో బాగున్నవి పంపించండి. ఈలోగా వచ్చే శుక్రవారం ఓ గంట తీరిక చేసుకుని, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని, మొదటి పేజీలో మేనమామ బొమ్మ వేయించండి.