స్టీరింగ్ ఉలికిపడుతోందా? ముందు గాలి చూడండి

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున మా చెల్లెలు ఇంటికొచ్చింది. చాయ్ ఇస్తే పక్కన పెట్టింది. "అన్నా, పోరడు నా గొలుసు కుదవ పెడ్తనంటున్నడు. కారు స్టీరింగ్ ఖరాబైందట, 40 వేలు కావాల్నట," అంది. ఆ గొలుసు ఆమె ఏండ్ల తరబడి బీడీలు చుట్టి చేయించుకున్నది. మన సోలాపూర్ తూర్పు పేటల్లో ఏ ఇంటి బంగారం ఎట్లా వచ్చిందో ఒకరికొకరం చెప్పుకోనక్కర్లేదు.

మేనల్లుడి దగ్గర పాత కాంటెస్సా ఉంది. మా బావ గిర్నీ నుంచి దిగినప్పుడు వచ్చిన పైసల్లో మిగిలినవి పెట్టి కొన్నాడు. లగ్గాల సీజన్లో పెండ్లికొడుకు బండిగా తిప్పుతాడు. కాంటెస్సా అంటే తెలియని పిల్లల కోసం చెప్తున్నా. ఇంగ్లండు వాక్స్‌హాల్ కారు నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 1984 నుంచి 2002 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారుచేశారు. తర్వాతి బండ్లలో ఇసుజు ఇంజను వచ్చింది, కొన్నిటికి పవర్ స్టీరింగ్ కూడా వచ్చింది. మావాడిది అట్లాంటిదే.

"ఏమైందిరా అల్లుడా?" అనడిగితే, "మామా, హైదరాబాద్ రోడ్డు మీద 70 దాటితే వేలు కదిపినా బండి పక్కకు దుంకుతున్నది. పవర్ ఎక్కువైందని, మొత్తం స్టీరింగ్ ర్యాక్ మార్చాలని గ్యారేజీల చెప్పిన్రు," అన్నాడు. విప్పి చూశారా అంటే లేదన్నాడు. కనీసం కింద పడుకుని చూశారా అంటే అదీ లేదు.

నేను గిర్నీలో ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ణి. సాంచె మీద పోగులు పదే పదే తెగుతుంటే ఏ జాబరైనా మొదలే బీము మార్చమంటాడా? పోగు బిగువు చూస్తాడు, షటిల్ గరుకెక్కిందేమో వేలితో తడిమి చూస్తాడు. పైసా ఖర్చు లేనిది ముందు, ఖరీదైనది ఆఖర్న. కారుకైనా అదే లెక్క.

ముందు పవర్ స్టీరింగ్ పని ఏమిటో తెలియాలి. ఇంజను బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది. అది నూనెను ఒత్తిడితో తోస్తుంది. స్టీరింగ్ కడ్డీ అడుగున ఒక వాల్వు ఉంటుంది, దాంట్లో మెలితిరిగే సన్న కడ్డీ. మనం స్టీరింగ్ తిప్పితే ఆ కడ్డీ కొంచెం మెలిపడి వాల్వు తెరుచుకుంటుంది, నూనె ఆ పక్కకు తోస్తుంది. చెయ్యి వదిలితే మళ్లీ మధ్యకు వస్తుంది. అంటే పవర్ మన చేతికి బలం ఇస్తుందే గాని, దిక్కు చూపించదు. దిక్కు తప్పుతోందంటే ముందు మిగతా వాటిని అనుమానించాలి.

ఆ రోజు మేమిద్దరం వరసగా చూసినవి ఇవి.

మొదటిది గాలి. ముందు టైర్లలో 36, వెనక టైర్లలో 22 ఉంది. ముందు గాలి మరీ ఎక్కువైతే స్టీరింగ్‌కు బండి చురుగ్గా స్పందిస్తుంది. వెనక తక్కువైతే వెనక భాగం ఊగుతుంది. కూర్చున్నవాడికి ఆ రెండూ స్టీరింగ్ తప్పులాగే అనిపిస్తాయి. బండి చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన లెక్కకు సరిచేశాం.

రెండోది స్టీరింగ్ చక్రమే. మావాడు షోకు కోసం అసలుది తీసేసి చిన్న స్పోర్ట్స్ చక్రం బిగించాడు. టేపు పెట్టి కొలిస్తే పాతది 15 అంగుళాలు, కొత్తది పన్నెండున్నర. చెయ్యి అంతే దూరం కదిలినా చిన్న చక్రం అయిదో వంతు ఎక్కువ తిరుగుతుంది. పవర్ లేని బండైతే చక్రం బరువెక్కి చెయ్యి వెంటనే పసిగట్టేది. పవర్ ఉంది కాబట్టి బరువు తెలియలేదు, తిరుగుడు మాత్రం పెరిగింది. "తీస్తే అందం పోతది మామా," అన్నాడు. "బారాత్‌లో పెండ్లికొడుకును చూస్తరు గాని నీ స్టీరింగ్‌ను ఎవరు చూస్తర్రా?" అన్నాను.

మూడోది కింద. ఇంజను ఆన్ చేసి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, వాడు స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే నేను పక్కనుంచి బ్యాటరీ లైటు కొట్టి చూశాను. దొంగ దొరికాడు. స్టీరింగ్ ర్యాక్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు బుష్షులు నూనె తగిలి ఉబ్బి మెత్తబడ్డాయి. ముందు చక్రాలు తిరగకముందే ర్యాక్ మొత్తం పక్కకు జరుగుతోంది. అందుకే డ్రైవరు కొంచెం తిప్పితే ఏమీ కాదు, ఇంకొంచెం తిప్పితే ఒక్కసారే దుంకుతుంది. టై రాడ్ చివరి జాయింట్లు బాగానే ఉన్నాయి.

నాలుగోది అలైన్‌మెంట్. ముందు చక్రాల ముందంచుల మధ్య దూరం, వెనకంచుల మధ్య దూరం చాకుపీసు గీతలు పెట్టి కొలిచాం. ముందంచులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. అట్లా ఉన్న బండి నేరుగా నిలవదు, ఏదో ఒక పక్కకు పరుగెత్తాలని చూస్తుంది.

ఇవన్నీ చూశాకే పవర్ వంతు. ముందు భాగం జాకీతో లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, స్టీరింగ్‌ను మధ్యలో పెట్టి చేతులు తీసి ఇంజను స్టార్ట్ చేశాం. వాల్వు చెడితే స్టీరింగ్ దానంతట అదే ఒక పక్కకు తిరుగుతుంది. కదల్లేదు. పంపులో నూనె ప్రవాహాన్ని అదుపు చేసే చిన్న వాల్వు ఉంటుంది, అది ఇరుక్కుంటే ఇంజను వేగం పెరిగినకొద్దీ స్టీరింగ్ మరీ తేలికవుతుంది. నిలబెట్టిన బండిలో ఇంజను వేగం పెంచి తిప్పి చూశాం, అదీ లేదు. ర్యాక్ నిక్షేపంగా ఉంది.

బుష్షులు, కారుతున్న పైపు జాయింటుకు వాషర్, అలైన్‌మెంట్, పాత స్టీరింగ్ చక్రం. అంతా కలిపి 3 వేలు దాటలేదు. మర్నాడు అదే రోడ్డు మీద వాడే నడిపాడు, నేను పక్కన కూర్చున్నా. 80లో బండి గీత గీసినట్టు పోయింది.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. నూనె తగ్గితే చేతికందిన బ్రేక్ ఆయిల్ పోయకండి, పవర్ స్టీరింగ్ సీళ్లు పాడవుతాయి, అప్పుడు నిజంగానే 40 వేల పని పడుతుంది.

ఇంకో మాట. నేను గ్యారేజీవాళ్లందర్నీ తిట్టడం లేదు. స్టాండ్ల మీద స్టీరింగ్ తనంతట తాను తిరిగినా, ర్యాక్ లోపల్నుంచి నూనె కారినా, ఖర్చు పెట్టక తప్పదు. అట్లాంటి బండిలో పెండ్లివాళ్లను ఎక్కించడం పాపం. కాని "మార్చాలి" అన్నవాణ్ణి "ఏం చూసి చెప్తున్నవన్నా, నాకూ చూపించు" అని అడగండి. పనోడైతే కోప్పడడు, లైటు కొట్టి చూపిస్తాడు.

మా చెల్లెలు మళ్లీ వచ్చింది. మెడలో గొలుసు ఉంది. ఈసారి చాయ్ తాగింది.