నొప్పుల సూదికి ముందు చెప్పవలసిన మాట

మన తెలుగు రాష్ట్రములలో సిజేరియను కాన్పులు మితిమీరుచున్నవని ప్రభుత్వమును, పెద్దలును చింతించుచున్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము దేశమంతటను నూటికి 21 కాన్పులు కోతతో జరుగుచుండగా, ఆంధ్రప్రదేశమున 42, తెలంగాణమున 60కి పైగా అట్లే జరిగినవి. దీనికి వైద్యుల ధనాశయనియు, ముహూర్తముల పిచ్చియనియు కారణములు చెప్పుట పరిపాటి. అవి అబద్ధములు కావు. కాని నొప్పులకు తాళలేక "నాకు చేతగాదు మేడం, ఆపరేషనే చేసేయండి" యని తానే ప్రాధేయపడు స్త్రీని గూర్చి మాటలాడువారు తక్కువ. ఆమె నొప్పికి ఉపశమనము చూపకుండ ఆపరేషన్లు మాత్రము తగ్గవలెననుట న్యాయము కాదు. అది నెరవేరునదియు కాదు.

ఉదాహరణకు, అనంతపురము ప్రాంతపు సోమందేపల్లెలో పట్టుమగ్గమున్న యింటి కోడలైనను, వేరుసెనగ చేనికి పోవు కూలి స్త్రీయైనను, నెలలు నిండి దినములు గడచినను నొప్పులు రాకున్నపుడు, లేక ఉమ్మనీరు ముందుగా పోయినపుడు, పెనుకొండకో హిందూపురమునకో పోయి చేరును. అచ్చట నొప్పులు తెప్పించుటకు మందు పెట్టుదురు, డ్రిప్పు ఎక్కింతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిపుస్తకము తెల్పిన పద్ధతిలో, అర లీటరు సెలైనున 2.5 యూనిట్ల ఆక్సిటోసిను కలిపి, నిముసమునకు 10 చుక్కలతో ఆరంభించి, అరగంటకు 10 చుక్కల చొప్పున పెంచుచు, 10 నిముసములలో మూడు నొప్పులు, ఒక్కొక్కటి 40 సెకండ్లకు పైగా నిలుచువరకు పోవలయును. తనంత వచ్చు నొప్పి మెల్లమెల్లగా ముదిరి, నడుమ నడుమ ఊపిరి తీసికొననిచ్చును. డ్రిప్పుతో వచ్చు నొప్పి యొక్కొక్కతె కా యెడమును మిగుల్చదు. ఇట్లు రప్పించిన కాన్పు సహజమైన దానికన్న బాధాకరముగా నుండవచ్చునని స్త్రీకి ముందే తెలుపవలెనని బ్రిటనులోని నైస్ సంస్థ 2021 నాటి మార్గదర్శకములలో చెప్పియున్నది.

ఈ ఆక్సిటోసినునకు మన పల్లెలలో వేరొక పరిచయమును కలదు. చేపని బర్రెకు పాలు దింపుటకై కొందరు చాటుగా పొడుచు సూది యిదియే. ఆ దుర్వినియోగము నరికట్టుటకని 2018లో కేంద్రము దీని ప్రైవేటు తయారీని నిషేధింపగా, ఆ యేడే డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. బర్రెకు వేయు సూదిని గూర్చి యింత వ్యాజ్యము నడచిన దేశమున, కననున్న తల్లికి అదే మందు ఎక్కించునపుడు "దీనితో నొప్పులు గట్టిగా వస్తాయమ్మా, ఓర్వలేకపోతే ఇదిగో ఈ ఉపాయం ఉంది" అని చెప్పవలెనను పట్టుదల మన కింతవరకు కలుగకపోవుట విచిత్రము.

చెప్పకున్నను సంతకము మాత్రము తప్పదు. తలుపు వెలుపల భర్తయో, తండ్రియో, అత్తగారో కాగితముపై చేవ్రాలో వేలిముద్రయో వేయుదురు. దానిలో నేమున్నదో వేసినవారును ఎఱుగరు, లోపల బల్లపై పడుకొన్నామెయు ఎఱుగదు. చికిత్స స్వభావమును, అందలి అపాయములను, ప్రత్యామ్నాయములను తెలిపిన పిమ్మట రోగి యిచ్చునదే సమ్మతియనియు, వయసు వచ్చి, స్వయముగా నిర్ణయింపగల స్త్రీకి బదులుగా కన్నతల్లి యిచ్చిన సమ్మతియైనను చెల్లదనియు సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లోనే తీర్పు చెప్పినది. ఇక నొప్పులు ముమ్మరమైన వేళ ఆమెనే యడిగినను, వచ్చు "సరే" యనునది సమ్మతి కాదు, మొఱ.

కాన్పు స్త్రీకి పునర్జన్మయని యొప్పుకొనుచునే, ఆ బాధను తగ్గించుట పట్నపు విలాసమని కొట్టివేయువారు కలరు. 1847లో ఎడింబరోలో సింప్సనను వైద్యుడు ప్రసవవేళ క్లోరోఫారము వాడినది మొదలు ఈ వాదము నడచుచునే యున్నది. క్లోరోఫారము క్షేమమా కాదా యని తేల్చుటకు 1888లోను, 1889లోను రెండు సంఘములు పరిశోధన చేసినది మన హైదరాబాదులోనే. వానికి నిజాము పోషకుడు. మత్తుమందు నిచ్చు వైద్యమున ప్రపంచముననే తొలి మహిళలలో నొకరైన రూపాబాయి ఫర్దూంజీయు ఆ నగరపు వైద్యురాలే. ఆ చరిత్రగల తెలుగువారికి ఈ విద్య పరాయిది కాదు.

ఆ విద్యలో నేడు వాడు పద్ధతులలో ఎపిడ్యూరలు ఒకటి; అనగా వెన్నులో సన్నని గొట్టముద్వారా మందు పంపి నడుము క్రిందిభాగమున నొప్పి తగ్గించుట. కోరిన ఆరోగ్యవతికి దాని నీయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసినది. దానివలన ఆపరేషన్లు పెరుగవని వైద్య పరిశోధనలను క్రోడీకరించు కోక్రేను సంస్థవారి ఆ యేటి సమీక్ష తేల్చినది. రక్తపుపోటు పడిపోవచ్చును, కాళ్లు బరువెక్కవచ్చును, బిడ్డను నెట్టు సమయము సాగవచ్చును, ఇవియు చెప్పవలసినవే. మత్తు వైద్యుడును, కనిపెట్టియుండు నర్సును లేనిచోట అది కుదరదు. కాని పెథిడిను వంటి సూదిమందు, వికారము కలిగించుననియు, కాన్పు వేళకు మరీ దగ్గరగా ఇచ్చిన బిడ్డ శ్వాస మందగించుననియు ఎఱిగి వాడిన, చిన్న ఆసుపత్రిలోను సాధ్యమే. నడువనిచ్చుట, నడుము మర్దించుట, తోడుగా ఒక ఆడమనిషి నుంచుట వీనికి ఖర్చే లేదు. తోడు నుంచవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పినను, ఆమె కన్నతల్లిని సైతము గడప దాటనీయని కాన్పుగదులు నేటికిని కలవు.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. కాని కలదని తెలియని దానిని ఎవరడుగుదురు? ప్రతి మాసము 9వ తేదీన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో సురక్షిత మాతృత్వ అభియానము క్రింద గర్భిణులను పరీక్షించుదురు. బరువు తూచి, రక్తము చూచి, ఐరన్ మాత్రలిచ్చి పంపు ఆ దినముననే, ఎనిమిదవ నెలలో, తీరికగా, తెలుగున, సరిహద్దు పల్లెల కన్నడ తల్లులకు కన్నడమున, ఈ సంగతులు చెప్పి, ఆమె కోరికను ఆమె చీటీలోనే వ్రాసి, ఆమె చేతనే సంతకము చేయింపవలెను. తాను చేరనున్న ఆసుపత్రిలో రాత్రివేళ మత్తు డాక్టరుండునా యనియు ఆనాడే చెప్పవలెను. ఉండడనినను మేలే: అనంతపురము పోవుటయా, ఉన్నదానితో సరిపెట్టుకొనుటయా యని యింటివారితో కూర్చుండి యోచించుటకు ఆమెకు నెల గడువైనను మిగులును.