సర్టిఫికెట్ల దారి.. తెలిసి నడిస్తేనే దరి

* నెట్‌వర్క్, సిస్టమ్స్ కొలువులకు పట్టాతో పాటు పరీక్షలు
* డాలర్లలో రుసుం.. మూడేళ్లకే ముగిసే గడువు
* అవగాహన లేకుంటే మెట్ట యువతకు మిగిలేది అప్పే

ఉదయగిరి, ఆత్మకూరు: వాన కురిస్తే పంట, లేకుంటే వలస. జిల్లా పశ్చిమ మెట్ట ప్రాంతానికి ఇది కొత్త మాట కాదు. ఒకప్పుడు కూలి పనుల కోసం సాగిన ప్రయాణం కాలక్రమంలో కంప్యూటర్ చదువుల బాట పట్టింది. డిగ్రీ, డిప్లొమా పూర్తిచేసి అమీర్‌పేటకో, బెంగళూరుకో, చెన్నైకో బస్సెక్కే యువతకు అక్కడ మొదట ఎదురయ్యే మాట 'సర్టిఫికేషన్'. ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలకు ఇంజనీరింగ్ పట్టా, ప్రాంగణ ఎంపికలు కీలకం. నెట్‌వర్క్, సర్వర్ల నిర్వహణలో మాత్రం కంపెనీలు జారీచేసే ధ్రువపత్రాలకు ప్రత్యేక విలువ ఉంది. సాధారణ డిగ్రీ చదివిన వారికీ ఈ తలుపు తెరిచే ఉండటం మెట్ట విద్యార్థులకు కలిసొచ్చే అంశం. అయితే ఏ పరీక్ష ముందు, ఏది వెనుక అన్నది తెలియక నేల విడిచి సాము చేస్తున్నవారే ఎక్కువ.

మెట్టు తర్వాత మెట్టు

నెట్‌వర్క్ రంగంలో సిస్కో సంస్థ పరీక్షలది పెద్దపీట. 1998లో మొదలైన సీసీఎన్‌ఏ తొలి మెట్టు. గతంలో శాఖకొకటిగా ఉన్న సీసీఎన్‌ఏలను 2020 ఫిబ్రవరిలో ఒకే పరీక్షగా మార్చారు. దాని తర్వాత సీసీఎన్‌పీ, శిఖరాన సీసీఐఈ. ఈ చివరిదానికి రాతపరీక్షతో పాటు ఎనిమిది గంటల ప్రయోగ పరీక్ష ఉంటుంది. లైనక్స్ సర్వర్ల వైపు వెళ్లేవారికి రెడ్‌హ్యాట్ సంస్థ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ, ఆ పైన ఆర్‌హెచ్‌సీఈ ఉన్నాయి. వీటిలో జవాబు గుర్తించే ప్రశ్నలు ఉండవు. కంప్యూటర్ ముందు కూర్చుని పని చేసి చూపాల్సిందే. క్లౌడ్ రంగంలో అమెజాన్, మైక్రోసాఫ్ట్ పరీక్షలకు ఆదరణ ఉంది. కంప్యూటర్ విడిభాగాలు, మరమ్మతులతో మొదలుపెట్టేవారికి కాంప్‌టియా వారి ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్ పునాది వంటివి.

నాటి వెలుగు.. నేటి పాఠం

ఒక కంపెనీ పత్రాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో చరిత్ర చెబుతోంది. నోవెల్ సంస్థ సీఎన్‌ఈ ఒకప్పుడు ఉద్యోగానికి హామీపత్రంలా చెలామణి అయింది. నెట్‌వేర్ వాడకం తగ్గడంతో దాని విలువా అడుగంటింది. 2000 దశకంలో శిక్షణ కేంద్రాల బోర్డుల మీద వెలిగిన మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్‌ఈ సైతం 2021 జనవరి 31తో చరిత్రలో కలిసింది. దాని స్థానంలో ఉద్యోగ బాధ్యతలను బట్టి రూపొందించిన కొత్త పరీక్షలు వచ్చాయి. పేర్లు మారినా ఐపీ చిరునామాలు, రూటింగ్, లైనక్స్ ఆదేశాలు, భద్రత వంటి మూలాలు మారలేదు. వీటిపై పట్టు సాధించినవారే మార్పును తట్టుకోగలరన్నది గ్రహించాల్సిన సత్యం.

రుసుం గుదిబండ

సీసీఎన్‌ఏ పరీక్ష రుసుం 300 డాలర్లు. మన లెక్కలో రూ.25 వేలు దాటుతుంది, పన్ను అదనం. తప్పితే అయిదు రోజుల తర్వాత మళ్లీ మొత్తం చెల్లించి రాయాలి. శిక్షణ, నగరంలో గది అద్దె, భోజనం కలిపితే మెట్ట రైతు కుటుంబానికి అది ఒక పంట పెట్టుబడితో సమానం. పైగా సిస్కో, రెడ్‌హ్యాట్ పత్రాల గడువు మూడేళ్లే. మైక్రోసాఫ్ట్ ఉన్నత స్థాయి పత్రాలను ఏటా నవీకరించుకోవాలి. అది ఆన్‌లైన్‌లో ఉచితం కావడం కొంత ఊరట.

ఇంటి వద్ద నుంచే పరీక్ష రాసే వెసులుబాటు కొన్నింటికి ఉంది. కానీ మధ్యలో కరెంటు పోయినా, నెట్ ఆగినా శ్రమ వృథా అయ్యే ప్రమాదం ఉంది. అందుకే ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్ల దూరంలోని నెల్లూరును దాటి, పెద్ద నగరాల్లోని పరీక్ష కేంద్రాలకు వెళ్లేందుకే పలువురు మొగ్గు చూపాల్సి వస్తోంది. గుర్తింపు కార్డులోని పేరు, నమోదు చేసిన పేరు ఒకటిగా ఉండాలన్నది మరో నిబంధన. ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, మరోచోట పొడి అక్షరంతో ఉండే మన పిల్లలు రుసుం కట్టకముందే దీన్ని సరిచూసుకోవాలి.

దొడ్డిదారితో చేటు

'డంప్స్' పేరిట ప్రశ్నలు, జవాబులు అమ్మే వ్యాపారం ఈ రంగానికి పట్టిన చీడ. బట్టీపట్టి గట్టెక్కినా ఇంటర్వ్యూలో రెండు ప్రశ్నలకే బండారం బయటపడుతుంది. మోసం రుజువైతే పత్రం రద్దుచేసి, తదుపరి పరీక్షలకు అనుమతి నిరాకరించే అధికారం సంస్థలకు ఉంది. 'నూరుశాతం ఉత్తీర్ణత' అని హామీ ఇచ్చే ప్రకటనలను తల్లిదండ్రులు అనుమానించడమే మంచిది. అమెరికా వెళ్లాలనుకునేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. హెచ్1బీ వీసాకు ఈ పత్రాలు డిగ్రీకి ప్రత్యామ్నాయం కావు. కొత్త దరఖాస్తులపై 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుం ప్రకటించడంతో ఆ దారి మరింత ఇరుకైంది.

ఊరి నుంచే మొదలు

ఖర్చు లేకుండా పునాది వేసుకునే మార్గాలు లేకపోలేదు. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ ప్రాథమిక పాఠాలను, రూటర్లు కొనకుండానే సాధన చేయించే ప్యాకెట్ ట్రేసర్‌ను ఉచితంగా అందిస్తోంది. పాత కంప్యూటర్‌లో లైనక్స్ వేసుకుని ఇంట్లోనే సర్వర్ నడిపి చూడవచ్చు. ఐటీఐల్లోని ఏడాది 'కోపా' కోర్సు, కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి 'ఓ లెవెల్' తక్కువ ఖర్చుతో దక్కేవే. 2011 వరకు డోయెక్ పేరుతో ఉన్నది ఈ సంస్థే.

2016 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ పల్లెలకు తీగలు లాగింది. 2019లో వచ్చిన సచివాలయాలు గ్రామాల్లో కంప్యూటర్లు పెట్టాయి. వీటిని నడిపించే నైపుణ్యమూ నెట్‌వర్క్ చదువే. 2019 నుంచి 2022లో మరణించే వరకు రాష్ట్ర ఐటీ మంత్రిగా ఉన్న మేకపాటి గౌతంరెడ్డి ఆత్మకూరు ఎమ్మెల్యేనే. ఐటీ శాఖకు మంత్రిని ఇచ్చిన ప్రాంతంలో విద్యార్థి తొలి ల్యాబ్ కోసం నగరానికి పరుగెత్తడం విచారకరం. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం పరిధిలోని డిగ్రీ కళాశాలలు సాయంత్రం వేళ ప్రయోగశాలలను తెరిచి, చివరి ఏడాది విద్యార్థులకు సాధన చేయిస్తే సగం భారం తగ్గుతుంది. పరీక్ష నెగ్గిన పేద విద్యార్థికి రుసుం తిరిగి చెల్లించే ఏర్పాటును నైపుణ్యాభివృద్ధి సంస్థ పరిశీలించాలి. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు తెచ్చింది కాగితం కాదు, తరాల పనితనం. సర్టిఫికెట్టుకూ అదే వర్తిస్తుంది. ముందు పని నేర్చుకుని ఆ తర్వాత పరీక్షకు కూర్చుంటే పెట్టిన ప్రతి రూపాయికీ సార్థకత ఉంటుంది.