రాజీవార్తల వర్తకము

వొడాఫోన్ ఐడియా కంపెనీ వాటాలు గొన్న మధ్యతరగతి గృహస్థులు మన పట్టణములందు అనేకులు గలరు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిల్లర వర్తకులు, పింఛనుదారులు వీరిలోనివారే. కంపెనీ జమాఖర్చులు చదివినవారు వీరిలో అరుదు. వీరు చెవియొగ్గునది వేరొకదానికి: "వచ్చేవారము ప్రభుత్వముతో రాజీ కుదురునట", "బాకీ సగము కొట్టివేయుదురట". కోర్టు వసారాలో మా కక్షిదారుడొకడు తన భూమివ్యాజ్యము మాట మరచి, ఢిల్లీలో ఈ కంపెనీ వాయిదా ఏనాడని మమ్ము పలుమారులడిగెను. తన దావాలో ఆతడు వాది. అక్కడ పందెగాడు మాత్రమే. ఆతని యారాటమంతయు రెండవదానిమీదనే!

ఈ తగవు పూర్వాపరములను పాఠకులు తెలిసికొనవలెను. 1999 నాటి నూతన టెలికాం విధానముతో స్థిరమైన లైసెన్సు రుసుము పోయి, రాబడిలో ప్రభుత్వమునకు భాగమిచ్చు పద్ధతి వచ్చెను. కంపెనీలు సంతోషముతో సంతకములు చేసెను. పిమ్మట రాబడి యననేమి యను ప్రశ్న పుట్టెను. బ్యాంకువడ్డీ, అద్దె, డివిడెండు సైతము రాబడియేనని టెలికాం శాఖ వాదించెను. టెలిఫోను సేవవలన వచ్చినదే రాబడియని కంపెనీలు వాదించెను. 2019 అక్టోబరు 24వ తేదీన సుప్రీంకోర్టు శాఖ వాదమునే అంగీకరించెను. అప్పుడు కంపెనీలన్నిటిమీద తేలిన లైసెన్సు రుసుము బాకీ సుమారు 92,641 కోట్ల రూపాయలు. ఇందులో అసలు 23,189 కోట్లు మాత్రమే. వడ్డీ 41,650 కోట్లు, జరిమానా 10,923 కోట్లు, ఆ జరిమానామీద వడ్డీ 16,878 కోట్లు!

కంపెనీలను మేము సమర్థింపము. ఒప్పందమువలన లాభమును పొంది, భారము వచ్చినప్పుడు మాటకు అర్థము వెదకుట వర్తకధర్మము కాదు. కాని ప్రభుత్వముయొక్క నడవడి యెట్లున్నది? అదే తీర్పును ఆధారము చేసికొని గెయిల్ మొదలగు ప్రభుత్వరంగసంస్థలమీద సుమారు 4 లక్షల కోట్లు బాకీ మోపినది ఈ శాఖయే. న్యాయస్థానము ఆక్షేపించిన పిదప, 2020 జూనులో అందులో 96 శాతము వదలుకొనెదమని చెప్పినదియు ఈ శాఖయే. ఇట్టి శాఖ వేసిన లెక్కలో కూడికల తప్పులున్నవి, దిద్దింపుడని కంపెనీలు వేడగా, 2021 జూలైలో ఆ మనవి త్రోసివేయబడెను. సివిలు ప్రొసీజరు కోడు 152వ సెక్షను ప్రకారము తీర్పులోని అంకెల పొరపాటును న్యాయస్థానము ఎప్పుడైనను దిద్దవచ్చును. మునసబు కోర్టులో వందరూపాయల నోటు దావాకు దొరకు సదుపాయము వేలకోట్ల వ్యాజ్యమునకు దొరకకపోవుట మావంటి వకీళ్లకు మింగుడుపడని విషయము.

తలుపు ఇట్లు మూసినకొలదిని వదంతులకు వెల హెచ్చినది. 2024 ఏప్రిలులో కంపెనీ 11 రూపాయల చొప్పున వాటాలమ్మి 18,000 కోట్లు కూర్చెను. ఆ సెప్టెంబరు 19వ తేదీన క్యూరేటివు పిటిషన్లు కొట్టివేయబడెనను వార్త రాగా, ఒక్క దినములో వాటా వెల దాదాపు అయిదవవంతు పడిపోయెను. ఆనాడు కంపెనీ తీగె యొక్కటియు తెగలేదు, స్తంభమొక్కటియు కూలలేదు. కూలినది ఆశ మాత్రమే. దానినే జనులు రొక్కమిచ్చి కొనియుండిరి.

రాజీ యనగా తమకు లాభమని తలంచు వాటాదారులు గడచిన రాజీలను చూడవలెను. 2023లో ప్రభుత్వము తనకు రావలసిన వడ్డీ 16,133 కోట్లకు బదులు వాటాలు పుచ్చుకొనెను. 2025లో మరల 36,950 కోట్ల బాకీని వాటాలుగా మార్చగా, ప్రభుత్వభాగము 48.99 శాతమాయెను. బజారులో పదిరూపాయలకు తక్కువ పలుకు వాటాను ప్రభుత్వము పదిరూపాయలకు తీసికొనెను. ఆ నష్టము పన్ను చెల్లించువారిది. వాటాల సంఖ్య పెరిగి పాతవారి భాగము పలుచబడెను. ఆ నష్టము వాటాదారులది. పన్ను చెల్లించువాడును వాటాదారుడును పెక్కుచోట్ల ఒక్కడే గదా! తన కుడిజేబునుండి తీసి ఎడమజేబులో వేయుమని ఆతడు దేవుని ప్రార్థించుచున్నాడు. నడుమ కొంత జారిపోవుట యాతడెరుగడు.

ఇక 2025 మే 19వ తేదీన వొడాఫోన్ ఐడియా, ఎయిర్‌టెల్, టాటా కంపెనీల మనవులను త్రోసిపుచ్చిన సుప్రీంకోర్టే, అక్టోబరు 27, నవంబరు 3 తేదీల ఉత్తరువులలో వొడాఫోన్ ఐడియా బాకీలను ప్రభుత్వము పునఃపరిశీలింపవచ్చుననెను. కారణము? ప్రభుత్వమే యిప్పుడు పెద్ద వాటాదారు, ఖాతాదారులు 20 కోట్లమంది. ఖాతాదారుల క్షేమము మాకును సమ్మతమే. కాని ఋణదాతయు వాటాదారుడును లెక్కగాడును ఒక్కరే యైనప్పుడు, తక్కిన ఋణస్థులు మాకేల ఈ దయ లేదని యడిగిన నేమి జవాబు చెప్పుదురు? గడువులు వేసిన బాకీ చెల్లించువానికంటె, చెల్లింపక కూర్చున్నవాడే తెలివిగలవాడని ప్రభుత్వమే చాటినట్లగును.

రాజీ పాపమని మేమనము. వృత్తిలో ఎన్నో రాజీలు వ్రాసితిమి. అవియన్నియు ఉభయుల సంతకములతో, న్యాయస్థానపు దస్త్రములో నిలిచినవి. ప్రజల ద్రవ్యమును గూర్చిన రాజీ "విశ్వసనీయవర్గముల" నోట దినమున కొక అంకెగా బజారునకు వచ్చుట మేమంగీకరింపము. ఆ వార్త ముందుగా చెవినబడినవాడు కొనును, మా కక్షిదారువంటివాడు రెండు దినములు గడచి కొనును. వెల దిగునప్పుడు మొదటివాడు అక్కడ నుండడు. పునఃపరిశీలనలో బాకీ ఎంత తగ్గించినను, ఏ కారణమున ఎవరు తగ్గించిరో, అసలు వేరు, వడ్డీ వేరు, జరిమానా వేరుగా, సంవత్సరము వారీగా గెజెటులో ప్రకటింపవలెను. ఆ ప్రకటన స్టాకుబజారు మూసిన పిదప, అందరికి ఒక్కసారిగా వెలువడవలెను. అది చదువుకొని మా కక్షిదారుడు మరునాడు వాటాలు కొనునో, అమ్మునో, ఆతని యిష్టము.