చెఱసాల జాబునకు స్టాంపు ఎవరిది?

లోకమున కొన్ని ప్రశ్నలు చూపునకు స్వల్పములుగా నుండును. తరచి చూచినచో వాని యడుగున గొప్ప ధర్మసూక్ష్మము దాగియుండును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో కారాగారములయందున్న వారికి, ముఖపరిచయమైనను లేని బయటివారు జాబులు వ్రాసి స్నేహము నెరపు వాడుక చాలకాలముగా నున్నది. దీనిని కలము స్నేహమందురు. ఆ దేశమున సుమారు 19 లక్షలమంది నిర్బంధములో నున్నారు. వారిలో బంధువులు విడిచినవారును, జాబు రాక యేండ్లు గడచినవారును కలరు. ఈ సత్కార్యమునకు పూనుకొనువారు ఆ దేశీయులే కానిండు, అచ్చట కాపురముండు మన తెలుగువారే కానిండు, వారికి మొదటి నెలలోనే యొక చిక్కు తగులును. ఖైదీ వ్రాయు ప్రత్యుత్తరమునకు తపాలా బిళ్ళ యెవరు కొనవలెను?

“ఎవరి జాబునకు వారే సొమ్మిచ్చుకొనుట న్యాయము” అని పెద్దమనుష్యులు పలువురు తీర్పు చెప్పుదురు. ఇది న్యాయమువలె కనబడు అన్యాయమని మా వాదము. బయటనున్నవాడే రెండువైపుల తపాలా వ్యయమును భరింపవలెను. అంతకంటె ముఖ్యముగా, నిర్బంధించిన ప్రభుత్వము ప్రతి ఖైదీకిని నెలకు కొన్ని జాబులనైనను తన ఖర్చుమీద పంపవలెను. ఇది జరుగువఱకే అది.

పంపువాడే కూలి చెల్లింపవలెనను నియమము సృష్ట్యాదినుండి వచ్చినది కాదు. ఇంగ్లండులో 1840కి పూర్వము తఱచుగా జాబు నందుకొనువాడే కూలి యిచ్చెడివాడు. దూరమునుబట్టి కూలి పెరుగుచుండుటచే, దూరముననున్న బిడ్డలు వ్రాసిన జాబును విడిపించుకొనుట బీదవారికి భారమయ్యెను. రోలండు హిల్లు 1837లో తపాలా సంస్కరణమును గూర్చి పుస్తకము ప్రకటించి, ఎదిరించినవారితో పోరాడి, 1840లో పెన్నీ తపాలాను సాధించెను. మన దేశమున 1854లో అర్ధణా తపాలా వచ్చెను. బిళ్ళ యంటింపని జాబునకు అందుకొనువానివద్ద రెట్టింపు వసూలు చేసెడివారు. బేరింగు ఉత్తరమన్న మాట మన పెద్దలు మఱచియుండరు. 1879లో కాలణా కార్డు వచ్చెను. ఈ మార్పులన్నిటికిని మూలసూత్ర మొక్కటే: తపాలా కూలిచేత బీదవాని నోరు మూతపడరాదు. పంపువాడు చెల్లించుట ఆ సూత్రమునకు సాధనమే కాని సూత్రము కాదు. సాధనము సూత్రమునకే అడ్డుపడినపుడు సాధనమును మార్చుకొనుట వివేకము.

ఇక లెక్క చూతము. 2025 జూలైలో అమెరికా తపాలాశాఖ సామాన్యమైన జాబునకు బిళ్ళ వెలను 78 సెంట్లు చేసెను. కారాగారములలో వంట, ఊడ్పు, బట్టలుదుకుట మొదలగు పనులు చేయు ఖైదీలకు దొరకు సగటు కూలి గంటకు 13 మొదలు 52 సెంట్లని అమెరికను సివిల్ లిబర్టీస్ యూనియను 2022లో ప్రకటించిన నివేదికలో నున్నది. టెక్సాసు, జార్జియా, అలబామా మొదలగు రాష్ట్రములలో ఇట్టి పనులకు చాలవఱకు కూలియే లేదు. 1865లో బానిసత్వమును రద్దుచేసిన పదుమూడవ రాజ్యాంగ సవరణము, నేరమునకు శిక్షగా చేయించు నిర్బంధ సేవను మాత్రము మినహాయించి విడిచెను. ఆ మినహాయింపు ఫలమే యిది.

బయట కూలివానికి 2009లో ఫెడరలు చట్టము నిర్ణయించిన కనీస వేతనము గంటకు 7 డాలర్ల 25 సెంట్లు. ఆ కూలివాడు ఆఱున్నర నిమిషములలో ఒక బిళ్ళ వెల సంపాదించుకొనును. గంటకు 13 సెంట్ల ఖైదీ ఆఱు గంటలు పాటుపడవలెను. కూలియే లేనివాడు జీవితాంతము పాటుపడినను సంపాదింపలేడు. సబ్బునకును, పండ్లపొడికిని, కాగితమునకును గూడ ఆ కొద్ది సొమ్మే ఆధారము. “ఎవరి జాబునకు వారే” అనువారు ఈ మువ్వురిని ఒక్క త్రాసున తూచి, దానికి సమత్వమని పేరు పెట్టుచున్నారు. నక్క కొంగను విందునకు పిలిచి పళ్ళెములో పాయసము వడ్డించిన సమత్వమిది!

పోనిండు, కవరులో రెండు బిళ్ళలు పెట్టి పంపుదమన్నను సాగదు. ఫెడరలు కారాగారములలో ఖైదీ బయటనుండి తపాలా బిళ్ళలను తెప్పించుకొనుట నిషిద్ధము. లోపలి అంగడిలోనే కొనవలెను. పెక్కు రాష్ట్రములలోను ఇట్టి నిషేధములే కలవు. కాగితముమీద మత్తుమందు పూసి పంపుదురనియు, బిళ్ళలు లోపల నాణెములవలె చెలామణి యగుననియు అధికారులు కారణములు చెప్పుదురు. అవి పూర్తిగా కల్లలని మేమనము. కాని యొక ద్వారమును మూసినవాడు వేఱొక ద్వారమును తెఱవవలెను గదా! వారు తెఱచిన ద్వారము కంపెనీలది. 2018లో పెన్సిల్వేనియా రాష్ట్రము, ఖైదీలకు వచ్చు సొంత జాబులు ఫ్లోరిడాలోని యొక కంపెనీకి పోయి, అచ్చట నకలు తీయబడి, ఆ నకలే ఖైదీకి చేరునట్లు ఏర్పాటు చేసెను. ఖైదీ తల్లి వ్రాతను చూడగలడు. తల్లి చేయి తాకిన కాగితమును తాకలేడు. మఱికొన్ని చోట్ల టాబ్లెట్లపై సందేశము పంపుటకు కంపెనీలు “స్టాంపు”లను అమ్ముచున్నవి. తపాలాబండి కదలదు, పోస్టుమాను నడువడు, జిగురు అంటదు. వెలకు మాత్రము స్టాంపను పేరు!

మా వాదమునకు రెండు ఆక్షేపణలు కలవు. “బిళ్ళకు సొమ్మిచ్చినచో ఖైదీకి యాచన యలవాటగును, మోసగాండ్రు పదిమందికి వ్రాసి సొమ్ము ప్రోగుచేసికొందురు” అనునది మొదటిది. మోసము జరుగదని మేము చెప్పము. అయితే మోసమునకు మందు మితమే కాని మానుట కాదు. “నెలకు రెండు ప్రత్యుత్తరములకు సరిపడు సొమ్ము మీ ఖాతాకు పంపుదుము, అంతకు మించి పంపము” అని తొలి జాబులోనే స్పష్టముగా వ్రాసినవాడు మోసపోయినను రెండు బిళ్ళలకే మోసపోవును. యాచన మాట యందురా, మన పెద్దలు జవాబు కార్డులు పంపెడివారు. దానిని అందుకొన్న బంధువు బిచ్చగాడయ్యెనా? 1906లో రోము నగరమున కూడిన ప్రపంచ తపాలా మహాసభ, విదేశమునుండి ప్రత్యుత్తరము కోరువాడే దాని కూలిని ముందుగా చెల్లించుటకు ఒక కూపనును కల్పించెను. అమెరికా తపాలాశాఖ 2013లో ఆ కూపనును అమ్ముట మానెను గాని, అందలి మర్యాద పాతబడలేదు. ప్రత్యుత్తరము కోరినవాడు దాని వ్యయమును భరించుట దానము కాదు, మర్యాద.

రెండవ ఆక్షేపణ బరువైనది. “నేరము చేసినవాని జాబులకు ప్రజాధనమా? వానిచే బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఎవరు బిళ్ళ కొందురు?” అని యడుగుదురు. ఆ తల్లి దుఃఖమును మేము తేలికచేయము. ఆమెకు ఆదరణ చూపుట ప్రభుత్వ ధర్మమే. అది చేయనిచో నిందింపవలసినదే. కాని ఖైదీ నోరు మూసినంతమాత్రమున ఆమె కన్నీరు తుడువబడదు. న్యాయస్థానము విధించినది స్వేచ్ఛను కోల్పోవు శిక్ష. మాటను కోల్పోవు శిక్ష ఏ తీర్పులోను వ్రాయబడలేదు. జాబు ఒక్కని సొత్తు కాదు, వ్రాయువానిదియు, చదువువానిదియు. ఖైదీల జాబులను ఖండించుట బయటివారి హక్కునుగూడ తాకునని అమెరికా సుప్రీముకోర్టు 1974లోనే చెప్పెను. బీదఖైదీ కోర్టులకు వ్రాసికొనుటకు కాగితము, కలము, తపాలా బిళ్ళలు ప్రభుత్వమే యీయవలెనని 1977లో బౌండ్స్–స్మిత్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము తీర్మానించెను. న్యాయాధిపతికి వ్రాయు జాబునకు ప్రజాధనము తగినపుడు, కన్నబిడ్డకు వ్రాయు జాబునకు తగదనుట యే తర్కము?

ప్రజాధనమును కాపాడవలెనను చింతయే నిజమైనచో ఇంకొక మాట వినుడు. అచ్చటి రాష్ట్ర కారాగారములలోనివారు నూటికి తొంబదిమందికి పైగా ఒకనాటికి విడుదలయై మన ప్రక్కయింటికే వత్తురు. మిన్నెసోటా రాష్ట్రపు కారాగారశాఖ 2011లో 16 వేలమందికి పైగా విడుదలైనవారి చరిత్రలను పరిశీలించి, లోపలనుండగా ఎవరైన వచ్చి చూచిన ఖైదీలు మరల నేరమున పట్టుబడుట నూటికి 13 వంతులు తక్కువయని కనుగొనెను. అది జాబులను గూర్చిన పరిశోధనము కాదు, చూడవచ్చిన మనుష్యులను గూర్చినది. అయినను, వందల మైళ్ళ దూరమున నున్నవాడు వచ్చి చూడలేనపుడు, ఆ మనుష్యునకు బదులుగా పోగలిగినది జాబుగాక మఱేమున్నది?

అమెరికాను దూషించి మన గుమ్మమును మఱచుట తగదు. 2022 డిసెంబరు నాటికి భారతదేశపు జైళ్ళలో 5,73,220 మంది యుండగా, వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ముగియనివారే; అనగా నేరము రుజువు కానివారే. రాజమహేంద్రవరము, వేలూరు, కన్ననూరు జైళ్ళనుండి దేశభక్తులు వ్రాసిన జాబులకొఱకు మన యిండ్లలో ఎదురుచూచిన దినములు కలవు. ఆ యెదురుచూపు విలువ నెఱిగిన జాతి, నేడు పేరులేని ఖైదీ భార్య యెదురుచూపును చులకన చేయరాదు. పల్లెనుండి వచ్చిన విచారణఖైదీ కాగితమో బిళ్ళయో లేక యిల్లు మఱచిపోవలసివచ్చుచున్నదేమో మన శాసనసభ్యులు విచారింపవలెను.

గృహస్థులారా! కలము స్నేహమునకు పూనుకొనువారు ముందుగా ఆ జైలు నియమములను తెలిసికొనుడు. సంవత్సరమునకు ఎన్ని బిళ్ళల సొమ్ము ఈయగలరో యింటిలో అందఱును కూర్చుండి నిర్ణయించుకొనుడు. పదిమందికి వ్రాసి ఆఱునెలలలో విసిగి మానుటకంటె, ఒక్కనికి వ్రాసి పదియేండ్లు నిలుపుట మేలు. ఇచ్చిన సొమ్మునకు కృతజ్ఞతను వడ్డీగా వసూలుచేయకుడు. వాని నేరకథను వినోదముగా అడుగకుడు. మీరు కొనిన బిళ్ళపై మీకు గల హక్కు ప్రత్యుత్తరమును కోరుటవఱకే. ఆ ప్రత్యుత్తరములో నేమి వ్రాయవలెనో శాసించుట కాదు. ఇట్లు సొమ్మిచ్చుచునే, ఈ భారము మీది కాదు, ప్రభుత్వముదే యని శాసనసభ్యులకు గూడ ఒక జాబు వ్రాయుడు. దానికి బిళ్ళ మీరే యంటింపుడు. ఆఱున్నర నిమిషముల కష్టమున కంటె ఎక్కువ కాదు గదా!