పంతులుగారి కన్ను

మన తిరుపతి, చిత్తూరు వీధులలో సాయంకాలమున బాలురు బంతి తన్నుచుండగా "వీనికి చదువబ్బదు" అని విసుగుకొనని తల్లి యరుదు. నేనును విసుగుకొన్నదాననే.

ఆ విసుగును కొంత తగ్గించినది హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీంగారి వృత్తాంతము. ఆయన బడిపంతులు, 1950 మొదలు హైదరాబాదు నగర పోలీసు జట్టునకును, భారత జట్టునకును ఫుట్‌బాల్ నేర్పినవారు.

సికింద్రాబాదు చేరువ అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అను పేదబాలుడుండెను. వాని యాట రహీంగారి కంటబడెను. అభ్యాసమునకు హైదరాబాదు రమ్మనిరి. పోవుటకు వానిచేత కాసు లేదు. సైకిలు బాడుగకు పంతులుగారే డబ్బిచ్చిరి! ఆ బాలుడే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆడెను. మన జట్టు నాలుగవ స్థానమందెను. బాడుగ సైకిలు ఎంత దూరము పోయినదో చూడుడు.

గుణము కనిపెట్టుట యొక యెత్తు, తగిన తావున నిలుపుట యింకొక యెత్తు. 1962లో జకార్తా ఆసియా క్రీడలందు, వెనుకవరుసలో ప్రత్యర్థుల నడ్డుకొను జర్నైల్ సింగునకు తల పగిలి కుట్లు పడినవి. ఇంకొకరైనచో అతనిని కూర్చుండబెట్టి యుందురు. రహీంగారు ముందువరుసకు పంపిరి! తుదిపోటీలో దక్షిణ కొరియాపై మనవారు 2-1గా గెలువగా, అం దొక గోలు ఆ కుట్ల తలవానిదే. మరుసటి యేడు జూనులో రహీంగారు రాచపుండుచే కన్నుమూసిరి.

మొన్న బంతి మా పెరటిలోని తులసికోటకు తగిలినది. ఎప్పటివలెనే కోపముతో బయటకు పోతిని గాని, తన్నిన దెవరని యడుగుటలో నా గొంతు మారినదని మా పొరుగావిడ నవ్వినది.